ప్రేమించే చోటు: జూన్ జోర్డాన్ తొలి నవల, నయాపూల్ పరిసరాల కౌమార ప్రేమకథలు

ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రలో ప్రేమకథనూ అస్తిత్వ కథనూ మనం వేర్వేరు అధ్యాయాల్లో చదువుతున్నాం. మొదటిది పాపులర్ నవల కిందికి, రెండోది దళిత, ముస్లిం, స్త్రీవాద విభాగాల కిందికి చేరుతుంది. బోధనకు ఈ విభజన సౌకర్యంగానే ఉంటుంది. కాని ఒక ప్రశ్నను అది అడగనివ్వదు. వెలివేతకూ వివక్షకూ గురైన సమాజాల్లోని పదహారేళ్ల అమ్మాయినీ అబ్బాయినీ మన సాహిత్యం ప్రేమికులుగా ఎప్పుడు చూసింది? చూసినప్పుడు ఆ ప్రేమను బతకనిచ్చిందా?

ఈ ప్రశ్నను అమెరికా నల్లజాతి సాహిత్యం మనకన్నా ముందే ఎదుర్కొంది. కవయిత్రి జూన్ జోర్డాన్ (1936–2002) తన తొలి నవల 'హిజ్ ఓన్ వేర్' (1971)లో బ్రూక్లిన్‌కు చెందిన ఇద్దరు నల్లజాతి కౌమారుల ప్రేమను చిత్రించింది. ఆ నవల లేవనెత్తిన చోటు, భాష, బతుకు అనే మూడు అంశాల ఆధారంగా నయాపూల్ పరిసరాల ప్రేమకథలనూ వాటితో ముడిపడిన తెలుగు రచనలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ప్రభావ నిరూపణ కాదు. ఒకే రకమైన లేమి రెండు సాహిత్యాల్లో ఎలా వ్యక్తమైందో చూసే ప్రయత్నం మాత్రమే.

నల్లజాతి అనే మాట హైదరాబాదుకు పరాయిది కాదు. మాసబ్ ట్యాంక్ సమీపంలోని ఏ.సి. గార్డ్స్ పేరులో నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్నారు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన సిద్దీల సంతతి ఇప్పటికీ ఆ బస్తీలో నివసిస్తున్నది. పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యంలో వారి పాలు ఉంది. ఇతరుల పెళ్లిళ్లకు మర్ఫా మోగించే సమాజంగా వారు నగరానికి తెలుసు. ఆ సమాజంలోని యువతీయువకుల ప్రేమ మాత్రం నగర సాహిత్య చరిత్రలో చర్చకు రాలేదు.

రెండు వంతెనలు

హైదరాబాదు తన పుట్టుకను ఒక కౌమార ప్రేమకథగా చెప్పుకొంటుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో మూసీపై పురానాపూల్ నిర్మాణమైంది. చించలం గ్రామానికి చెందిన నర్తకి భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలో నదిని దాటాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడనీ జనశ్రుతి. అప్పటికి యువరాజు పన్నెండు, పదమూడేళ్ల బాలుడు. భాగమతి చారిత్రక వ్యక్తి అనడాన్ని హెచ్.కె. షేర్వానీ వంటి చరిత్రకారులు అంగీకరించలేదు. ఆ వివాదంలోకి ఈ వ్యాసం వెళ్లడం లేదు. కథను జనం ఎలా నిలుపుకొన్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

1609లో ముల్లా వజ్హీ దక్కనీ భాషలో రచించిన 'కుతుబ్ ముష్తరి' మస్నవీలో కథానాయకుడు కుతుబ్‌షాహీ యువరాజే. నాయిక మాత్రం బెంగాలు రాజకుమార్తె. ముష్తరిలో భాగమతి ఛాయను కొందరు పరిశోధకులు చూశారు. ఆ అభిప్రాయాన్ని స్వీకరిస్తే, మౌఖిక కథలోని నర్తకి కావ్యంలోకి ప్రవేశించడానికి రాజకుమార్తె కావలసి వచ్చిందని అర్థం. యువరాజు ప్రేమకు వంతెన దొరికింది, కావ్యమూ దొరికింది. చించలం అమ్మాయికి తన పేరైనా మిగలలేదు.

నయాపూల్ దాదాపు మూడు శతాబ్దాల తర్వాతిది. అఫ్జలుద్దౌలా పాలనలో (1857–1869) రూపుదిద్దుకొన్న ఈ వంతెనకు అఫ్జల్ బ్రిడ్జి అని కూడా పేరు. దీని వెనుక ప్రేమకథ లేదు. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల ఉన్నాయి. చదువుకు, వైద్యానికి, న్యాయానికి సామాన్యులు రోజూ దాటే వంతెన ఇది. ఈ వంతెన దాటే విద్యార్థుల ప్రేమను ఎవరు రాశారు, ఎలా రాశారు అన్నది ఈ వ్యాసానికి అసలు విషయం.

'ఎక్కడ' అనే నామవాచకం

జోర్డాన్ నవల శీర్షికలోనే ఒక వ్యాకరణ విశేషం ఉంది. 'ఎక్కడ' అనే ప్రశ్నార్థకాన్ని ఆమె నామవాచకం చేసింది. 'తనదైన ఎక్కడ' అన్నట్టుగా ఉంటుంది ఆ ప్రయోగం. కథానాయకుడు బడ్డీకి పదహారేళ్లు, ఏంజెలాకు పద్నాలుగేళ్లు. కారు ఢీకొని ఆసుపత్రిలో ఉన్న తండ్రిని చూడడానికి బడ్డీ రోజూ వెళ్తుంటాడు. ఏంజెలా తల్లి అక్కడే నర్సు. ఆ విధంగా వారికి పరిచయమవుతుంది. ఏంజెలా ఇంట్లో తండ్రి చేతి దెబ్బలు తింటుంది, చివరకు ఇల్లు విడిచి సంరక్షణ గృహానికి చేరవలసి వస్తుంది. ఇల్లు, బడి, వీధి ఏవీ ఆ ఇద్దరినీ కలిసి ఉండనివ్వవు. వారికి మిగిలిన నిశ్శబ్ద స్థలం శ్మశానం.

శ్మశానం సాధారణంగా ప్రేమకథకు ముగింపు స్థలం. జోర్డాన్ దానిని వారు కలుసుకునే తావుగా మార్చింది. బడ్డీ కలలు కూడా కట్టడాల గురించే. తండ్రితో కలిసి ఇంటిని మార్చి కట్టుకొన్న పిల్లవాడు అతడు. నవలకు ముందు జోర్డాన్ వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్‌తో కలిసి హార్లెం పునర్నిర్మాణ ప్రణాళికపై పనిచేసింది. నల్లజాతి పిల్లల ప్రేమకు అడ్డు మనుషులే కాదు, వారు నివసించే నగరపు అమరిక కూడా అని ఆమె గుర్తించింది. ప్రేమను నగర నిర్మాణ సమస్యగా చూడడమే ఈ నవల ప్రత్యేకత.

రెండో విశేషం భాష. నవల మొత్తం బ్లాక్ ఇంగ్లీషులో సాగుతుంది. సంభాషణలతో పాటు కథకుని వాక్యం కూడా అదే. ఈ రచన జాతీయ పుస్తక పురస్కారపు తుది జాబితాకు చేరింది. అయినా బాల్టిమోర్‌లో కొందరు నల్లజాతి తల్లిదండ్రులే దీనిని బడి గ్రంథాలయాల నుంచి తొలగించాలని కోరారు. ఈ భాష చదివితే పిల్లలకు ప్రామాణిక ఇంగ్లీషు అబ్బదన్నది వారి ఆందోళన. చదువు మీదనే ఆశ పెట్టుకొన్నవారి భయం అది. మాండలికంలో పాఠ్యాంశం పెట్టినప్పుడు మన తరగతి గదుల్లో వినిపించే అభ్యంతరం కూడా ఇలాంటిదే.

ఈ నవల వచ్చిన సందర్భాన్ని కూడా గుర్తించాలి. 1965లో నాన్సీ లారిక్ అమెరికా బాలల పుస్తకాలపై చేసిన పరిశీలన ప్రకారం, అంతకు ముందు మూడేళ్లలో వెలువడిన 5,206 పుస్తకాల్లో నల్లజాతి పాత్ర ఒక్కటైనా ఉన్నవి 349 మాత్రమే. అంటే 6.7 శాతం. పాత్రగా కనిపించడమే అరుదైన కాలంలో జోర్డాన్ తన పిల్లలను ప్రేమికులుగా నిలబెట్టింది.

తెలుగులో: బయటి చూపు, లోపలి గాయం

తెలుగు నవలలో అణగారిన సమాజపు యువజంట ఆలస్యంగా రాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)లో రామదాసు కూతురు జ్యోతి, అప్పాదాసుల అనురాగం ఉంది. పవిత్రతకు ప్రతీకగా ఉన్నవ వారిని తీర్చాడు. కాని ఆ జంటకు కాపురం దక్కదు. 1920ల చివర వచ్చిన చలం 'మైదానం'లో అమీర్ ముస్లిం యువకుడు. ఊరి బయటి మైదానం రాజేశ్వరి ప్రేమకు చోటు కావడం జోర్డాన్ శ్మశానాన్ని గుర్తుచేస్తుంది. కథ చెప్పేది మాత్రం రాజేశ్వరి. అమీర్ మనకు ఆమె కాంక్షలో కనిపిస్తాడు, అతని ఇల్లు, భాష, బస్తీ కనిపించవు. ఉన్నవ సానుభూతినీ చలం సాహసాన్నీ తక్కువ చేయనవసరం లేదు. ఇద్దరిదీ బయటి చూపు అన్నదే ఇక్కడి పరిశీలన.

తెలుగు ప్రేమ నవలకు విస్తృత పాఠకలోకాన్ని సంపాదించినది యద్దనపూడి సులోచనారాణి తొలి నవల 'సెక్రటరీ'. 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవల 1976లో సినిమా అయింది. ఉద్యోగం చేసుకొనే జయంతి ఆత్మాభిమానం ఆనాటి చదువుకొన్న అమ్మాయిలకు తమ మాటగా వినిపించింది. ఆ రకం నవలలో నాయికకు పేదరికం ఉండవచ్చు. కులం, మతం మాత్రం ప్రస్తావనకు రావు. ప్రస్తావన లేకపోవడం వల్ల అందరూ అందులో తమను చూసుకొన్నారని ఒక వాదన ఉంది. తమ ఇంటి పేర్లు, తిండి, పండుగలు వదిలిపెట్టి చూసుకోవలసి వచ్చినవారి వైపు నుంచి ఆ వాదనను ఇంకా పరీక్షించలేదు.

1990ల తర్వాత ముస్లిం రచయితలు తమ గొంతుతో మాట్లాడారు. 'జల్‌జలా' (1998) కవితా సంకలనం, స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' (2004) కథా సంకలనం, షాజహానా 'నఖాబ్' (2005), స్కైబాబ కథల సంపుటి 'అధూరె' (2011) ఈ క్రమంలో ముఖ్యమైనవి. భూకంపం, స్వదేశం, ముసుగు, అసంపూర్ణం అనే అర్థాలున్న ఈ పేర్లే ఆ సాహిత్యపు తొలి అవసరాలను చెబుతున్నాయి. ఉర్దూ కలిసిన ఇంటి తెలుగును అచ్చులోకి తెచ్చిన ఘనత వీటిది. జోర్డాన్ బ్లాక్ ఇంగ్లీషుతో చేసిన పనికి ఇది సమానమైనది.

చోటు విషయంలోనూ సాదృశ్యం ఉంది. స్కైబాబ 'వెజిటేరియన్స్ ఓన్లీ' కథలో ముస్లిం దంపతులు నగరంలో అద్దె ఇంటి కోసం తిరుగుతారు. తిండి పేరుతో మతానికి తలుపు మూసుకొంటుంది. పెళ్లయిన జంటకే ఇల్లు దొరకని చోట, పెళ్లికాని కౌమారుల ప్రేమకు నీడ ఎక్కడ? ఈ కథను వివక్ష కథగా విమర్శకులు చదివారు. అది సరైన పఠనమే. కలిసి ఉండడానికి చోటు వెతుక్కొంటున్న జంట కథగానూ దానిని చదవవచ్చు.

నయాపూల్ ఒడ్డున

ప్రేమ, పోరాటం పరస్పర విరుద్ధాలన్న భావనకు జవాబు నయాపూల్ పక్కనే ఉంది. సిటీ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన మఖ్దూం మొహియుద్దీన్ తొలి సంపుటి 'సుర్ఖ్ సవేరా' (1944)లో ప్రేమ కవితలు, విప్లవ కవితలు పక్కపక్కనే ఉన్నాయి. కార్మికోద్యమ నాయకుడు ప్రేమ కవిత రాయడానికి సంజాయిషీ చెప్పుకోలేదు.

అదే మఖ్దూం గజల్‌ను వాడుకొన్న సాగర్ సర్హదీ తొలి దర్శకత్వ చిత్రం 'బాజార్' (1982) హైదరాబాదు పేద ముస్లిం కుటుంబాల నేపథ్యంలోనిది. అందులో షబ్నం తన ఈడు యువకుణ్ణి ప్రేమిస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చిన పెద్ద వయసు వ్యక్తికి ఆమెను డబ్బుకు కట్టబెడతారు. షబ్నం ప్రాణం తీసుకొంటుంది. పాతబస్తీలో ఆనాడు జరుగుతున్న ఒక దారుణాన్ని ఈ చిత్రం దేశం ముందుంచింది. కాని పాతబస్తీ అమ్మాయి అనగానే ఈ ముగింపు ఒక్కటే గుర్తుకు వచ్చే పరిస్థితి కూడా ఏర్పడింది. జ్యోతి నుంచి షబ్నం దాకా అరవై ఏళ్లు గడిచినా ప్రేమించిన అమ్మాయి బతకలేదు.

అమెరికాలోనూ ఈ సమస్య ఉంది. జాక్వెలిన్ వుడ్‌సన్ 'ఇఫ్ యూ కమ్ సాఫ్ట్‌లీ' (1998)లో నల్లజాతి యువకుడు జెరెమయా, యూదు అమ్మాయి ఎల్లీ ప్రేమించుకొంటారు. జెరెమయా పోలీసు కాల్పుల్లో మరణిస్తాడు. అది అబద్ధం కాదు. ప్రతి కథా అలాగే ముగిస్తే నల్లజాతి పాఠకులకు మిగిలేదేమిటన్న ప్రశ్న తర్వాతి తరానిది. ఎలిస్ బ్రయంట్ తొలి నవల 'హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్స్' (2021) నాయిక టెస్సా తనలాంటి అమ్మాయిలు నాయికలుగా ఉండే ప్రేమకథలు తానే రాసుకొంటుంది. నవల ఆమెకు హాయిగా నవ్వుకొనే ముగింపు ఇస్తుంది. పుస్తకం పిల్లలకు తమను చూపే అద్దమూ ఇతరులను చూపే కిటికీ కావాలని రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో అన్నది. జరిగినదాన్నే కాక, జరగవలసినదాన్ని కూడా ఆ అద్దం చూపాలని ఈ కొత్త రచయితల పట్టుదల.

మన పరిస్థితిలో ఇది తేలిక విషయం కాదు. 2018లో మిర్యాలగూడలో, 2022లో హైదరాబాదులోని సరూర్‌నగర్‌లో ఇష్టపడి పెళ్లి చేసుకొన్న దళిత యువకులు హత్యకు గురయ్యారు. పెద్దల నుంచి రక్షణ కోరే జంటలు నయాపూల్ దాటి హైకోర్టుకు వస్తుంటారు. వాస్తవం ఇలా ఉండగా సుఖాంత ప్రేమకథ పలాయనం కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే హత్యను చిత్రించిన కథ సమాజాన్ని నిలదీస్తుంది, కలిసి బతికిన జంటను చిత్రించిన కథ ఆ హత్య సహజం కాదని గుర్తుచేస్తుంది. మొదటిది మాత్రమే సాహిత్యమని నిర్ణయిస్తే, గాయం చూపిస్తేనే ప్రవేశమని ఆ సమాజపు రచయితలకు మనమే షరతు విధించినట్టవుతుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. అణగారిన సమాజాల కౌమార ప్రేమ తెలుగులో తొలుత బయటి చూపుతో, విషాదాంతంగా ప్రవేశించింది. ఆ సమాజాలు స్వయంగా రాసినప్పుడు గాయం చెప్పుకోవడం తక్షణావసరమైంది, అందువల్ల ప్రేమ వెనుకకు జరిగింది. ప్రేమకథకు ప్రాచుర్యం తెచ్చిన పాపులర్ నవల ఈ పిల్లల ఇళ్లలోకి వెళ్లలేదు. జోర్డాన్ నవల ఈ మూడు పరిమితులనూ 1971లోనే తన తొలి ప్రయత్నంలో దాటింది. చోటు లేనిచోట చోటు కల్పించింది, ఇంటి భాషలో చెప్పింది, ప్రేమికులను బతకనిచ్చింది.

తెలుగు పరిశోధన చేయవలసిన పని ఇక్కడ ఉంది. అస్తిత్వ కథా సంకలనాలను ప్రేమ, స్నేహం, కౌమారం అనే అంశాలతో మళ్లీ చదవాలి. పాపులర్ నవలలను కులం, మతం, చోటు అనే ప్రశ్నలతో చదవాలి. పాఠ్యప్రణాళికలో ఈ రెండు విభాగాల మధ్య ఉన్న గీతను సడలించాలి. నయాపూల్ దాటి తరగతికి వచ్చే విద్యార్థిని తన పేరున్న నాయికను దుఃఖంలో మాత్రమే కలుసుకోవలసిన పరిస్థితి ఉన్నంతవరకు మన ప్రేమ సాహిత్య చరిత్ర అసమగ్రమే.