ఇంటి బోరు మోటారు ఆగిందా? బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పలమనేరు ప్రాంతంలో చాలా ఇళ్లలో తాగడానికి, వాడుకకు, పాడిపశువులకు ఒకే బోరు నీళ్లు ఆధారం. ఎండాకాలంలో అది ఆగిపోతే, కంగారులో అప్పు చేసి కొత్త మోటారు తెచ్చి దించుతారు. దించాక కూడా నీళ్లు సన్నగానే వస్తే, లోపం మోటారుది కాదని అప్పుడు తెలుస్తుంది. అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు లోపం కరెంటులో ఉందా, పంపుసెట్టులో ఉందా, బోరులో నీళ్లే తగ్గాయా అన్నది తేల్చుకోండి.

పైకి తీయకముందే చూడాల్సినవి

• స్టార్టరు బోర్డులో కెపాసిటర్ పాడైతే మోటారు తిరగదు, ట్రిప్ అవుతుంది. ఇది తక్కువ ఖర్చుతో పోయే లోపం. కరెంటు ఆపినా కెపాసిటర్ షాక్ కొట్టగలదు. కాబట్టి బోర్డు పనిని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.
• మోటారు వేసినప్పుడు వోల్టేజి ఎంత ఉందో చూడండి. లో వోల్టేజి ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఆ లోపం పోకుండా కొత్త మోటారు వేసినా కాలిపోతుంది.
• మెగ్గర్‌తో పరీక్ష చేయించండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే కేబుల్, జాయింటు, వైండింగ్‌లలో ఏదో ఒకటి దెబ్బతిన్నట్లు. పైకి తీశాక కేబుల్ విడదీసి మోటారును విడిగా పరీక్షిస్తే ఏది పోయిందో తెలుస్తుంది.

నీటి ధార ఏం చెబుతుంది?

200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో చూడండి. 4 నిమిషాలు పడితే గంటకు 3,000 లీటర్లు వస్తున్నట్లు.

మొదట బాగా వచ్చి, కాసేపటికి గాలితో తెగి తెగి వస్తూ, గంట ఆపి వేస్తే మళ్లీ బాగా వస్తే బోరులో ఊట తక్కువని అర్థం. మన గట్టి రాతి నేలల్లో నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. పెద్ద మోటారు వేసినంత మాత్రాన ఊట పెరగదు. ఇలాంటి బోరుకు నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రక్షణ పెట్టించి, విడతలుగా తోడి ట్యాంకులో నింపుకోండి.

మొదటి నుంచీ సన్నగా వస్తుంటే ఇంపెల్లర్లు అరిగి ఉండవచ్చు, పైపుకు చిల్లు పడి ఉండవచ్చు, లేదా నీటిమట్టం పంపు శక్తికి మించి కిందికి పోయి ఉండవచ్చు.

బాగు చేయించదగినవి

కేబుల్ జాయింటు, పైపు, బుష్‌లు, ఇంపెల్లర్ల లోపాలు, మొదటిసారి కాలిన వైండింగ్. మోటారు, పంపు వేర్వేరు భాగాలు. ఒకటి బాగుంటే రెండోదాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

కొత్తది కొనదగిన సందర్భాలు

రీవైండింగ్ చేసిన మోటారు కొద్దికాలానికే మళ్లీ కాలినా, షాఫ్టు, బాడీ దెబ్బతిన్నా మార్చడం మేలు. ఎత్తి దించే కూలితో కలిపి మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా అంతే. ఉదాహరణకు కొత్తది 16,000 రూపాయలు అనుకుంటే, మరమ్మతుకు కూలితో సహా 8,000 దాటితే ఆలోచించాలి.

కొనేటప్పుడు

పాతది ఎన్ని హెచ్‌పీయో చెప్పి అదే తెచ్చుకోకండి. ఎండాకాలంలో నీటిమట్టం 300 అడుగులు, ట్యాంకు ఎత్తు 20 అడుగులు అయితే మొత్తం 320 అడుగులు, అంటే సుమారు 98 మీటర్లు. పైపులో రాపిడికి ఇంకొంత కలపాలి. ఆ ఎత్తుకు గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుందో కంపెనీ పట్టికలో చూడండి. డబ్బా మీద రాసిన గరిష్ఠ హెడ్‌ను నమ్ముకోవద్దు, ఆ ఎత్తులో నీళ్లు బయటికి రావు. ఐఎస్ 8034 గుర్తు, స్టార్ లేబుల్ చూసుకుని, బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి.

దించిన రోజు తేదీ, ఎన్ని పైపులు దించారు, డ్రమ్ము నిండిన సమయం నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. మళ్లీ నీళ్లు తగ్గినప్పుడు లోపం ఎక్కడుందో వెతకడానికి ఆ లెక్కే మీకు ఆధారం.