కుఙటూక

పదవి వదలడానికి తెలుగులో మాటలు తక్కువేమీ లేవు. అయితే ఇష్టపడి వదిలినవాడికి సరిపోయే మాట వాటిలో ఒక్కటీ కనబడదు. రాజీనామా అంటాం. పారసీలో ‘రాజీ’ అంటే సమ్మతి, ‘నామా’ అంటే పత్రం. వాది ప్రతివాదులు ఒప్పుదలకు వచ్చి కోర్టులో దాఖలు చేసుకొనేది ఒకప్పటి రాజీనామా. బొంబాయి ఇలాకాలో రైతు తన భూమి వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చిన కాగితమూ రాజీనామాయే. ఎక్కడో తలొగ్గిన జాడ ఆ మాటను విడిచిపోలేదు. గద్దె దిగాడంటే, ఎవరో దించి ఉంటారని చెవికి తోస్తుంది. పదవీ విరమణలో నిర్ణయం మనిషిది కాదు, పుట్టిన తేదీది.

ఈ వెలితి స్వాహిలిలోనూ ఉండేది. అక్కడ రాజీనామా చేయడాన్ని ‘కుజియుజులు’ అంటారు. ‘ఉజులు’ అరబీ నుంచి వచ్చిన మాట, కొలువు నుంచి తొలగించడం దాని అర్థం. ‘జి’ అంటే తనను తాను. కలిపి చదివితే, తన్ను తాను బర్తరఫ్ చేసుకోవడం. 1985లో టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే పదవి వదులుతూ ఈ మాటను పక్కన పెట్టాడు. దాని బదులు తన తల్లిభాష జనాకి నుంచి ఒక మాట తెచ్చి జాతీయ భాషలో నిలబెట్టాడు. అదే కుఙటూక.

మొదటి ‘కు’ క్రియకు ముందు చేరే ఉపసర్గ, మన ‘-డం’ చేసే పని చేస్తుంది. అసలు ధాతువు ‘ఙటూక’. రోమన్ లిపిలో ఈ ధ్వనిని రాయడానికి స్వాహిలివారు రెండక్షరాలు పెట్టి, వాటి పక్కన ఒక కొస గుర్తు కూడా తగిలించాలి. మనకా ఇబ్బంది లేదు. క ఖ గ ఘ తర్వాత బడిలో వల్లించి ఆపైన దాదాపు మరిచిపోయే ఙ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. దాన్ని మనం వాడే కొద్ది మాటల్లో పరాఙ్ముఖుడు ఒకటి. న్యెరేరేను అధికార పరాఙ్ముఖుడు అనవచ్చునా అని కాసేపు ఆలోచించాను. కుదరదు. ముఖం తిప్పుకోవడంలో విముఖత ఉంది. కుఙటూకలో ఉన్నది అప్పగింత. విక్టోరియా సరస్సుకు తూర్పున మారా ప్రాంతపు తెగల్లో, ఒక తరం పెద్దరికం నెరిపి, కాలం రాగానే దాన్ని తర్వాతి తరం చేతిలో పెట్టి పక్కకు జరిగే ఆచారం ఉండేది. దానిలో ఓటమీ లేదు, వైరాగ్యమూ లేదు. ఆ ప్రాంతంలోని బుటియామాలో, జనాకి తెగ పెద్ద బురిటోకు 1922లో పుట్టినవాడు న్యెరేరే. జనాకి చిన్న భాష. స్వాహిలిని దేశమంతటికీ ఉమ్మడి భాష చేయడానికి ఇరవయ్యేళ్ళకు పైగా పాటుపడిన మనిషి, వెళ్ళిపోయే వేళ తన ఊరి మాటను అందులో చేర్చి వెళ్ళడం నన్ను కదిలిస్తుంది.

మాటల మీద ఆయన శ్రద్ధ అప్పటికప్పుడు పుట్టింది కాదు. దేశాధ్యక్షుడిగా ఉంటూనే షేక్‌స్పియర్ నాటకాలు రెండింటిని స్వాహిలిలోకి అనువదించాడు. మొదటిది జూలియస్ సీజర్. రెండోది వెనిస్ వర్తకుడు, దాని పేరు ‘మబెపారి వా వెనిసి’. ఆ ‘బెపారి’ మన వ్యాపారికి దాయాది. గుజరాతీ వర్తకుల నోటి నుంచి తూర్పు ఆఫ్రికా రేవుల్లో దిగిన మాట. దాని నుంచే ‘ఉబెపారి’ పుట్టి పెట్టుబడిదారీ విధానానికి పేరయింది. పేరు అలా పడ్డా, ఆ బెపారుల పౌరసత్వం కోసం నిలబడటంలో న్యెరేరే వెనక్కి తగ్గలేదు. 1961లో, స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, కొత్త దేశంలో పౌరసత్వం ఆఫ్రికన్లకే ఉండాలని సొంత పార్టీవాళ్ళే పట్టుబట్టారు. దేశం మీది విధేయతను చర్మం రంగుతో తూచడం కుదరదని ఆయన ఎదురు నిలిచి, ఆ పట్టు నెగ్గనివ్వలేదు. భారతీయ మూలాలున్న అమీర్ జమాల్ తర్వాత ఏళ్ళ తరబడి ఆర్థికమంత్రిగా ఉన్నాడు.

ప్రజలు న్యెరేరేను పిలిచిన పేరు ‘మ్వాలిము’, అంటే ఉపాధ్యాయుడు. అరబీ ‘ముఅల్లిం’ నుంచి వచ్చింది. మన ఊళ్ళలో కుస్తీలు నేర్పే తాలింఖానాలోని తాలీం కూడా ఆ ధాతువుదే. స్వాహిలి దీన్ని సొంతం చేసుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. మనుషుల్ని సూచించే నామాలకు ఆ భాషలో ఏకవచనంలో ‘మ్’, బహువచనంలో ‘వా’ ముందు చేరతాయి. అరబీ ‘ము’ యాదృచ్ఛికంగా ఆ ‘మ్’లా వినిపించడంతో, జనం దాన్ని తమ ఉపసర్గే అనుకొని బహువచనాన్ని ‘వాలిము’ చేసేశారు. ఈ మాటకు సముద్రం మీద మరో అర్థం ఉంది. హిందూ మహాసముద్రపు ఓడల్లో ముఅల్లిం అంటే దారి తెలిసిన నావికుడు. 1498లో తూర్పు ఆఫ్రికా తీరాన మలింది నుంచి కాలికట్‌కు వాస్కో డ గామాకు దారి చూపినవాణ్ణి పోర్చుగీసు చరిత్రకారులు ‘మలెమో’ అని రాసుకున్నారు. అది ఈ మాటే.

బతకలేక బడిపంతులు అనే సామెత ఉన్న భాషలో పుట్టినవాళ్ళం కాబట్టి ఈ బిరుదు బరువు మనకు ఒక్కసారిగా అందదు. అదే కాలంలో ఘనాలో ఎంక్రూమాను ‘ఒసాగ్యెఫో’ అన్నారు, అంటే విమోచకుడు. కెన్యాలో కెన్యాట్టా ‘మ్‌జే’, అంటే పెద్దాయన. న్యెరేరేకు ఆయన వదులుకున్న ఉద్యోగమే బిరుదయింది. మకెరెరెలో ఉపాధ్యాయ శిక్షణ, ఎడిన్‌బరోలో ఎం.ఏ. పూర్తిచేసి, దార్-ఎస్-సలాం దగ్గర పుగులో పాఠాలు చెప్పేవాడు. 1954 జులై 7న ఆయన నాయకత్వంలో టాను పార్టీ పుట్టాక, బడా పార్టీయా తేల్చుకోవలసి వచ్చి, 1955లో బడి మానేశాడు.

మ్వాలిములో బెత్తం కూడా ఉంది. 1966 అక్టోబరులో దార్-ఎస్-సలాం విద్యార్థులు జాతీయ సేవను తప్పనిసరి చేయడాన్నీ, ఆ కాలంలో జీతం కోతనూ వ్యతిరేకిస్తూ ఊరేగింపుగా అధ్యక్ష భవనానికి వెళ్ళారు. ఆయన విన్నాడు, కోపం వచ్చింది. మా జీతాలు ఎక్కువగా ఉన్నమాట నిజమే, ముందు నాదే కోస్తానన్నాడు. తన జీతంలో 20 శాతం తగ్గించుకున్నాడు, మంత్రుల జీతాలూ తగ్గించాడు. అదే ఊపున దాదాపు 400 మంది విద్యార్థుల్ని చదువు మాన్పించి ఇళ్ళకు పంపేశాడు. ఆయన గుణమంతా ఆ ఒక్కరోజులో కనిపిస్తుంది. తనకు పెట్టని నియమం ఇతరులకు పెట్టడు. తాను పెట్టినదాన్ని ఇతరులు కాదంటే ఓర్చడు.

ఈ రెండో గుణానికి దేశం పెద్ద మూల్యం చెల్లించింది. ఆయన తన సమాజవాదానికి పెట్టుకున్న పేరు ‘ఉజమా’, అంటే కుటుంబ భావం. మన జమాఖర్చులోని ‘జమ’ లాగే, ఒకచోట చేర్చడం దాని ధాతువులో ఉంది. 1967 ఫిబ్రవరి అరుషా ప్రకటన తర్వాత అది రాజ్యనీతి అయింది. మొదట్లో జనం ఇష్టపడి చేరవలసిన ఉమ్మడి పల్లెలు, 1973 తర్వాత బలవంతపు తరలింపులయ్యాయి. లక్షలాది మందిని వాళ్ళ పొలాల నుంచి లారీల్లో ఎక్కించి తెచ్చి దింపారు. కొన్నిచోట్ల తిరిగి వెళ్ళకుండా పాత ఇళ్ళు కాల్చారు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1962 నుంచే అమల్లో ఉంది. అదే పాలనలో వయోజన విద్య ఊరూరికీ వెళ్ళి, అక్షరాస్యతలో టాంజానియా ఆఫ్రికా దేశాల ముందువరసకు చేరింది. ఒకదాని పుణ్యం ఇంకోదాని పాపాన్ని కడిగేస్తుందని నేను అనను. రెండూ ఒకే చేతి పనులు.

అందుకే కుఙటూకను తూచేటప్పుడు ఒక సంగతి చూడాలి. టాంజానియాలో అప్పుడు ఉన్నది ఒకే పార్టీ. అధ్యక్ష ఎన్నికలో ఒకే అభ్యర్థి, అవునా కాదా అని మాత్రమే ఓటు. ఆయన్ను దించగల దారి ప్రజలకు లేదు. ఆ దారి మూసినవాడు ఆయనే. పైగా 1985 నవంబరులో అధ్యక్ష పదవి అలీ హసన్ మ్వినీకి అప్పగించినా, పార్టీ అధ్యక్షుడిగా 1990 దాకా కొనసాగాడు. పార్టీయే సర్వాధికారి అయిన దేశంలో అది చిన్న పదవి కాదు. కాబట్టి నా లెక్కలో అసలైన కుఙటూక 1990లోనే పూర్తయింది. ఆ ఏడాదే, ఒకే పార్టీ పద్ధతిని మార్చరానిదిగా చూడనక్కరలేదని ఆయనే చర్చకు తెర తీశాడు. 1992లో బహుళ పార్టీలు చట్టబద్ధమయ్యాయి. అధ్యక్షుడికి రెండు దఫాలే అన్న నియమం ఆయన దిగక ముందే, 1984లో రాజ్యాంగంలోకి వచ్చింది. తర్వాతి అధ్యక్షులు మ్వినీ, మ్‌కాపా, కిక్వెటే ముగ్గురూ దానికి కట్టుబడి వెళ్ళారు. న్యెరేరే బుటియామాకు పోయి సేద్యం చేసుకున్నాడు, బురుండీ అంతర్యుద్ధంలో మధ్యవర్తిత్వం నెరిపాడు. 1995లో భారత ప్రభుత్వం గాంధీ శాంతి బహుమతిని నెలకొల్పినప్పుడు తొలి గ్రహీత ఆయనే. 1999 అక్టోబరు 14న లండన్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయాక ఆ మాట అరిగింది. 2017లో జింబాబ్వేలో సైన్యం అధ్యక్షుడు ముగాబేను దిగిపొమ్మని ఒత్తిడి చేసినప్పుడు స్వాహిలి వార్తల్లో వినబడింది కుఙటూకే. ఇప్పుడు ప్రతిపక్షం వీధుల్లో డిమాండ్ చేసేదీ, సైన్యం గడువు పెట్టి చేయించేదీ ఆ మాటతోనే చెబుతున్నారు. నిఘంటువు దీన్ని తప్పనలేదు, జనం వాడిందే అర్థం. కానీ ఒకరు మరొకరిని ‘ఙటూకా’ అని గద్దించేటప్పుడు, జనాకి పెద్దలు ఆ మాటలో ఉంచిన అప్పగింత పోయి, వెళ్ళిపోవడం ఒక్కటే మిగులుతోంది.