జపాను కంచు కలశములు

జపాను కలశములను గూర్చి చెప్పుటకు ముందు కత్తిని గూర్చి చెప్పవలసియున్నది. ఆ దేశమున లోహశిల్పుల నైపుణ్యములో మేలైనదంతయు సమురాయి వీరుల కత్తిపిడుల సొమ్ములయందే యొదిగియుండెను. 1868లో షోగునుల యధికార మంతరించి మెయిజీ చక్రవర్తి పాలన నెలకొన్నది. 1876లో సైనికులు, రక్షకభటులు మున్నగువారు తప్ప నితరులు కత్తి ధరింపరాదని శాసనము వెలువడెను. ఒక్క యుత్తరువుతో తరతరముల జీవనాధారము తెగిపోయినది. ప్రభువులు పోయిన పిదప వారి నాశ్రయించిన విద్య యేమి కావలెను?

వారు కలశములవైపు మరలిరి. బుద్ధుని పీఠము ముందర ధూపపాత్రము, దీపస్తంభము, పూలకలశము నుంచుట యచట పాత యాచారమే. కాని క్రొత్త కలశములు గుడికి గాక యోడ కెక్కినవి. 1873లో వియన్నా ప్రదర్శనమున జపాను చేతిపనులను జూచి ఐరోపావారు ముచ్చటపడియుండిరి. దీనిని వర్తకబుద్ధి యని కొందరందురు. నేనట్లనను; ఆకలిగొన్న యింట విద్య నిలువదు.

పని తీరు వినుడు. మైనముతో రూపము దిద్ది, మెత్తని మట్టి పూసి కాల్చిన, మైనము కరగి జారిపోవును. ఆ డొల్లలో కరగిన కంచు పోయుదురు. మన శిల్పులు మధూచ్ఛిష్టవిధాన మనునది యిదియే. అచ్చు పగులగొట్టిన గాని వస్తువు వెలికి రాదు. కావున నొక యచ్చున కొక్కటే కలశము. పొదుగుపనికి షకుదో యను మిశ్రమము కలదు. రాగిలో నూటికి మూడు నాలుగు పాళ్లు బంగారము కలిపి, రాగిలవణముల నీట నుడికించిన నేరేడుపండు వన్నె వచ్చును. మన బీదరు పనివారు తుత్తునాగమును మట్టితో నల్లబరచి వెండి పొదుగుదురు. వీరు బంగారము వేసి నలుపు తెచ్చిరి!

కత్తిసొమ్ముల పనిలో ప్రసిద్ధుడైన కానో నత్సువో, 1889లో పాఠము లారంభించిన తోక్యో లలితకళాశాలలో ఆచార్యుడయ్యెను. సుజుకి చోకిచి పండ్రెండు డేగలను 1893లో షికాగో ప్రదర్శనమున కంపెను. అవి యద్భుతములే. అయినను నాటి యెగుమతి కలశములు పెక్కింటిమీద నెడములేకుండ పెనగొన్న సర్పరాక్షసులు నాకు రుచింపవు. 1926లో ముకేయి సంఘము నేర్పరచిన వారిలో నొకడైన తకమురా తొయొచిక ఆ బరువును దించి, నునుపైన రూపమునకే విలువ నిచ్చెను.

1941లో యుద్ధార్థము లోహములను కూడగట్టు శాసనము వచ్చి, గుడిగంటలెన్నియో కొలిమి పాలైనవి. పని మాత్రము చావలేదు. 1964లో ప్రభుత్వము తొయొచికను సజీవ జాతీయనిధిగా గౌరవించెను. తకవోకా పట్టణమున 1611లో మయెదా తొషినగ ప్రభువు ఏడుగురు పోతపనివారిని రప్పించి, చోటిచ్చి నిలిపిన పేటకు నేటికిని కనయామాచి, అనగా పోతపనివారి వీధి, యనియే పేరు. ఆ పట్టణమున కంచు నేటికిని కరగుచున్నది.