మోడల్ రైల్వేలో నేల, రాతికట్టు: రతన్‌పూర్ నేపథ్యం

మోడల్ రైల్వేలో పట్టాలు, ఇంజిన్లు, పెట్టెలు పోగా మిగిలిన కొండ, చెరువు, పొలం గట్టు, కోట గోడ, వంతెన కమాను, పట్టాల కింది కంకర అన్నీ కలిసి నేలదృశ్యం అవుతాయి. రైలు ఏ ఊరిదో చూసేవారికి ముందుగా చెప్పేది ఈ నేలే. దుకాణాల్లో దొరికే తయారు సామగ్రిలో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా పచ్చికబయళ్ల రంగుల్లో ఉంటుంది. మన నేలను మలచాలంటే దాని మట్టిని, రాతిని ముందుగా దగ్గర నుంచి చూడాలి. ఇక్కడ నేలను మలిచే పద్ధతులకు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, రతన్‌పూర్ పరిసరాలను ఉదాహరణగా తీసుకున్నాం.

ప్రాంతం

రతన్‌పూర్ బిలాస్‌పూర్‌కు సుమారు 25 కి.మీ. దూరంలో ఉంది. ఇది ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. మహామాయ ఆలయం, శిథిలమైన కోట, ఎర్రరాతి కంఠీ దేవళం, ఊరినిండా చెరువులు ఇక్కడి ప్రత్యేకతలు. బిలాస్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ పెద్ద జంక్షన్. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం కూడా ఇదే. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయి ఈ ప్రాంతాన్ని ఉత్తరాంధ్రతో నేరుగా కలిపింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి.

కొలత

ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతలో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు ఉంటుంది. మనిషి సుమారు 2 సెం.మీ., 6 మీటర్ల కోట గోడ 69 మి.మీ., 30 సెం.మీ. ఎత్తున్న రాతి వరస 3.4 మి.మీ. అవుతాయి. భారతీయ బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. కాబట్టి ఈ లెక్కన పట్టాల మధ్య 19.3 మి.మీ. ఉండాలి. బజారులో దొరికే పట్టాలు మాత్రం 1,435 మి.మీ. గేజ్‌కు సరిపడే 16.5 మి.మీ. వెడల్పుతో ఉంటాయి. చాలామంది ఆ తేడాతోనే సర్దుకుంటారు.

రాతికట్టు

గోడకు థర్మాకోల్ కన్నా గట్టిగా, నున్నగా ఉండే ఫోమ్ పలక గానీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక గానీ వాడతారు. ఫోమ్ మీద రాళ్ల సందులను మొద్దుబారిన పెన్సిల్‌తో నొక్కి గీస్తారు. ప్లాస్టర్ పూర్తిగా ఆరకముందే, గోరు గుచ్చుకునేంత మెత్తగా ఉన్నప్పుడే సూదితో చెక్కాలి. ఎండాక చెక్కితే అంచులు పెళ్లలుగా ఊడతాయి.

తాపీ పనివారి నియమమే ఇక్కడా వర్తిస్తుంది. కింది వరసలోని నిలువు సందు మీదికి పై వరస సందు రాకూడదు. పెద్ద రాళ్లు మూలల్లో ఉండాలి. శిథిల గోడలో ఎంత రాయి ఊడిందో అంత రాయి దాని పాదం దగ్గర పడి ఉండాలి, అదే పరిమాణంలో, అదే రంగులో. పగుళ్లలో ఒకటి రెండు రావి మొక్కలు మొలిపిస్తే గోడకు వయసు వస్తుంది.

కొండరాతికి నలిపిన అల్యూమినియం రేకును అచ్చుగా వాడవచ్చు. అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక రేకు ఒలిచేస్తే ముడతలే రాతి పగుళ్లవుతాయి. రంగు ఒకే పూతగా వేయరు. పలుచని కావిరంగు, బూడిదరంగు, పసుపు మచ్చలు మచ్చలుగా అద్ది, పైన నీళ్లలాంటి నల్లరంగు పారిస్తారు. అది సందుల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. చివరగా దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులకు లేతరంగు రాస్తారు.

మట్టి

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. ఎత్తున ఎర్రని గరుకు భాఠా, దాని దిగువన పసుపురంగు మటాసీ, ఆ తర్వాత గోధుమ బూడిద కలిసిన డోర్సా, పల్లంలో నల్లని బంకమట్టి కన్హార్ ఉంటాయి. మోడల్‌కు రంగుల పట్టిక ఇదే. వాలు దిగేకొద్దీ రంగు మారుతూ వస్తే, చెరువు గట్టు నుంచి వరిమడి దాకా నేల తన క్రమంలో తాను కుదురుకుంటుంది.

అసలు మట్టినే వాడేవారు దాన్ని దంచి, జల్లించి, పెనం మీద వేడిచేస్తారు. దాంతో పురుగు, బూజు చేరవు. తర్వాత అయస్కాంతం తిప్పి ఇనుప రేణువులు తీసేయాలి. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. ఆ రేణువులు ఉండిపోతే ఇంజిన్ మోటారులోని అయస్కాంతానికి అతుక్కుని దాన్ని పాడుచేస్తాయి. జిగురు తగిలిన మట్టి రంగు ముదురుతుంది కాబట్టి ముందుగా చిన్న అట్టముక్క మీద వేసి ఆరనిచ్చి చూడటం మంచిది.

కంకర

భారతీయ రైల్వే పట్టాల కింద వేసే కంకర చాలావరకు 20 నుంచి 65 మి.మీ. పరిమాణంలో ఉంటుంది. హెచ్‌ఓ కొలతలో అది 0.23 నుంచి 0.75 మి.మీ. అవుతుంది. టీ వడగట్టే జాలి, పిండి జల్లెడ ఉంటే ఇసుకలోంచి ఈ రేణువులను వేరుచేయవచ్చు. పొడి కంకరను స్లీపర్ల మధ్య మెత్తని కుంచెతో సర్ది, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీటిని పొగమంచులా చల్లుతారు. సబ్బు లేకపోతే నీరు ముత్యాల్లా నిలిచి కంకరను దొర్లిస్తుంది. ఆ తర్వాత ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్ల నీరు కలిపి మందు చుక్కల గొట్టంతో వదిలి రాత్రంతా ఆరనిస్తారు. రైలు దారి మారే పాయింట్ల దగ్గర కదిలే పట్టాలకు మాత్రం జిగురు తగలనివ్వకూడదు.

చరిత్ర

1930లలో ఇంగ్లండ్‌లో జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ అనే మోడల్ రైల్వే, రైలుతో సమానంగా ఊరికీ నేలకూ చోటిచ్చింది. అది ఇప్పుడు రాయ్ ఇంగ్లండ్ స్థాపించిన పెండన్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో జాన్ ఆలెన్ రాళ్లకు, గోడలకు వయసు తెచ్చే పనిలో పేరు పొందాడు. హాంబర్గ్‌లోని మోడల్ రైల్వే ప్రదర్శన మినియాటూర్ వుండర్‌లాండ్ 2001లో మొదలైంది. మన దేశంలో పుణెలోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి ప్రదర్శనలిస్తోంది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. బొమ్మల కొలువులో మట్టితో కొండ కట్టి, అద్దం ముక్కతో చెరువు చేసి, ఆవాలు మొలిపించి పొలం చూపడం ఇంటింటి పని. కొండపల్లి కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో బొమ్మలను అతికించి, రూపం దిద్దుతారు. ఆ చేతివాటానికి జల్లెడ, కొలబద్ద, తన ఊరి మట్టి మీద చూపు తోడైతే చాలు. రతన్‌పూర్ కోట గోడ అయినా, విజయనగరం దారిలోని ఎర్రమట్టి గట్టయినా బల్ల మీద తన రంగులోనే నిలబడుతుంది.