దాచిన పెట్టెయు నేలగలవాని యనుమతియు

ఇంగ్లండునందలి డెవన్ సీమలో డార్ట్‌మూర్ అను విశాలమైన బంజరుమెట్ట కలదు. దాని యుత్తరభాగమున, బాటసారి కాలు దిగబడు బురదనేలల నడుమ, క్రాన్‌మియర్ మడుగు అనబడు పల్లమొకటి యున్నది. మడుగని పేరేకాని యందు నీరు నిలువదు. ఆ దుర్గమస్థలమునకు యాత్రికులను గొనిపోవుచుండిన చాగ్‌ఫర్డ్ గ్రామవాసి జేమ్స్ పెరట్ 1854లో అచ్చట నొక సీసాను ఉంచి, వచ్చినవారు తమ పేరుచీటీలను అందు వేసిపోవు నేర్పాటు చేసెను. పిమ్మట, ఒకరు చిరునామా వ్రాసి బిళ్ళ యంటించి విడిచిన కార్డును వెనుక వచ్చినవారు గొనిపోయి తపాలాలో వేయుట యాచారమయ్యెను; అది యెన్నాళ్ళకు ఇల్లు చేరునో యని యెదురుచూచుటయే యందలి వినోదము. 1937లో క్రాన్‌మియర్‌నందు ఇందులకై రాతిపెట్టె వెలసెను; మరుసటి యేడు డార్ట్‌మూర్ గ్రంథకర్త విలియం క్రాసింగ్ స్మారకముగా డక్స్ పూల్ వద్ద మరియొకటి యమరెను.

పెట్టెలు వ్రేళ్ళపై లెక్కింపదగినంత కాలము నేల యెవరిదను ప్రశ్నకు బలము లేకపోయెను. 1970ల తరువాత అవి వేలకు పెరిగి, వెదకి కనుగొన్నవారు గుర్తు వేసికొనుటకై రబ్బరుముద్ర, సిరామెత్త, చిన్న పుస్తకము ఇముడు డబ్బా ప్రతి బండసందునను దాగజొచ్చినప్పుడు, గడ్డిని పెకలించుట, ప్రాచీనసమాధుల రాళ్ళను కదల్చుట మొదలయ్యెను. నిజమునకు ఆ మెట్ట యెన్నడును దిక్కులేని నేల కాదు. దాని నడిమి భాగము 1337లో మూడవ ఎడ్వర్డు రాజు తన జ్యేష్ఠపుత్రునికై నెలకొల్పిన కార్న్‌వాల్ డచీ యను సంస్థానపు సొత్తు. మేపుకొను హక్కు రైతులది. 1985 నాటి శాసనము ఉమ్మడిభూములపై కాలినడకను, గుఱ్ఱముపైనను సంచరించు హక్కును ప్రజలకొసగెను. నడచిపోవువాడు నేలను కొంతసేపు వాడుకొనును, పెట్టె దాచువాడో దానిలో కొంత తనదిగా చేసికొనును. కావున సంచారస్వేచ్ఛను చూపి యనుమతి యక్కరలేదనుట సరసమైన వాదము కాదని నా తలంపు.

క్రమముగా నొక నియమావళి యేర్పడినది. ప్రాచీనశిథిలములలోను, గోడలలోను పెట్టెలు దాచరాదు. సిమెంటు మున్నగునవి వాడరాదు. సహజముగా నున్న రాతిబొరియయే వానికి తావు. నా యభిప్రాయమున నిందు మిక్కిలి న్యాయమైనది నేలగలవానిని ముందుగా నడుగుటయే, ఏలయన దాచినవాడు మరచిపోయినను ఆ డబ్బా నేలగలవాని చోటనే పడియుండును. అయినను ఉత్తరభాగమున ఆ యనుమతి యొక్కటియే చాలదు. అచ్చటి మెట్టపై సైన్యము కాల్పుల నభ్యసించుచుండును. క్రాన్‌మియర్ సైతము ఆ హద్దులోనిదే యగుటచే, ఎఱ్ఱజెండా యెగురు దినమున నెవ్వరికిని అందు ప్రవేశము లేదు.