సేవాసంస్థ వెబ్‌సైట్ - నావిగేషన్

సేవాసంస్థ వెబ్‌సైట్‌కు వచ్చినవారు కావలసిన సమాచారాన్ని తేలిగ్గా చేరుకునేందుకు చేసే ఏర్పాటును నావిగేషన్ అంటారు. అక్కడికి వచ్చేవారిలో ముఖ్యులు సాయం కోరేవారు, దాతలు, వాలంటీర్లు. అందుకే మెనూను సంస్థలోని విభాగాల పేర్లతో కాక ‘సాయం పొందండి’, ‘విరాళం ఇవ్వండి’ వంటి పనుల పేర్లతో అమర్చడం మేలు.

మెనూ అన్ని పేజీల్లోనూ ఒకే చోట, ఒకే వరుసలో ఉండాలి. పేజీలు పెరిగేకొద్దీ సెర్చ్ పెట్టె, సైట్‌మ్యాప్ అవసరమవుతాయి. ‘హోం > వైద్య సాయం > దరఖాస్తు’ అనే వరుస పేజీ పైన ఉంటే ఎక్కడున్నదీ తెలుస్తుంది. వెబ్ దివ్యాంగులకూ అందుబాటులో ఉండేందుకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల ప్రకారం లింకులన్నీ కీబోర్డుతోనూ పనిచేయాలి. స్క్రీన్ రీడర్‌తో వినే అంధులకు ‘ఇక్కడ నొక్కండి’ కన్నా ‘వార్షిక నివేదిక’ అనే లింకు స్పష్టంగా ఉంటుంది.

భారతదేశంలో దాతలకు కావలసినవి రసీదు, పన్ను మినహాయింపు వివరాలు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. విదేశీ విరాళాలు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారి విరాళం ఈ కోవలోకి వస్తుంది. భారత పౌరుడైన ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ కోవలోకి రాదు. కాబట్టి విరాళం పేజీ మొదట్లోనే దాత పౌరసత్వం అడిగి, తగిన ఫారానికి పంపడం అవసరం.

వెబ్‌సైట్ ఒకటికి మించిన భాషల్లో ఉంటే, భాష మార్చే బటన్‌పై ‘తెలుగు’ అని తెలుగు లిపిలోనే ఉండాలి.