క్యాడ్‌లో భారీ సర్ఫేస్ మోడళ్ల దిగుమతి

ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో తయారైన, వందలు వేలు సర్ఫేసులున్న మోడల్‌ను మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, లోపాలు సరిచేసి, పనికి అనువుగా తేలికపరచే ప్రక్రియను సర్ఫేస్ మోడల్ దిగుమతి అంటారు. కారు బాడీ, విమానపు రెక్క, ఓడ అడుగుభాగం, టర్బైన్ బ్లేడు, ప్లాస్టిక్ వస్తువుల అచ్చులు రూపొందించే చోట ఇది నిత్యం చేసే పని. ఇందులో రెండు సమస్యలు కలగలిసి కనిపిస్తాయి. మొదటిది సర్ఫేసుల మధ్య అతుకులు ఊడిపోవడం, రెండోది మోడల్ బరువెక్కి కంప్యూటర్ నత్తనడక నడవడం. వీటి కారణాలు వేరు, పరిష్కారాలూ వేరు. అతుకుల సంగతి తేల్చకుండా బరువు తగ్గించబోతే అసలు ఆకారమే చెడుతుంది. కాబట్టి పని వరస ఇక్కడ చాలా ముఖ్యం.

సర్ఫేస్ మోడల్ స్వరూపం

సాలిడ్ మోడల్‌కు లోపలేదో బయటేదో తెలుసు. అందుకే దాని ఘనపరిమాణాన్ని, బరువును సాఫ్ట్‌వేర్ లెక్కకట్టగలదు. సర్ఫేస్ మోడల్‌లో ఉండేవి మందం లేని పొరలు. ఒక్కో పొరను ఫేస్ అని, దాని అంచును ఎడ్జ్ అని అంటారు. పక్కపక్కనున్న రెండు ఫేసులు ఒకే ఎడ్జ్‌ను పంచుకుంటే అవి కలిసి ఉన్నట్టు లెక్క. ప్రతి ఎడ్జ్ కచ్చితంగా రెండేసి ఫేసులకు చెందినప్పుడు ఆ పొరలన్నీ ఎక్కడా కంత లేకుండా మూసుకుని, సాలిడ్‌గా మారడానికి సిద్ధమవుతాయి. ఏ ఫేసు దేన్ని ఆనుకుని ఉందో చెప్పే ఈ సమాచారానికి టోపాలజీ అని పేరు.

వంపు తిరిగిన పొరల గణితం కార్ల పరిశ్రమలో రూపుదిద్దుకుంది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో, రెనో సంస్థలో పియెర్ బెజియే 1950ల చివర, 1960లలో దానికి పునాది వేశారు. 1975లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ వెర్‌స్ప్రిల్ చేసిన పరిశోధన నేటి నర్బ్స్ సర్ఫేసులకు దారి చూపింది. నర్బ్స్ పొరకు సహజంగా నాలుగు అంచులుంటాయి. గుండ్రని కంతో, వంకర అంచో కావాలంటే పొర మీద ట్రిమ్ రేఖ గీసి, అక్కర్లేని భాగాన్ని దాస్తారు. దిగుమతిలో ఆ రేఖ పోతే దాగిన భాగం మళ్లీ బయటపడి, మోడల్ నుంచి పలకలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది.

మార్పిడి ఫార్మాట్లు

వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడళ్లు మార్చుకోవడానికి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో ఐజెస్ ఫార్మాట్‌ను ప్రచురించింది. ఇది 80 అక్షరాల వరసలతో రాసే ఫైలు. అందులో ప్రతి అంశానికీ ఒక నంబరు ఉంటుంది: 128 అంటే నర్బ్స్ సర్ఫేస్, 144 అంటే ట్రిమ్ చేసిన సర్ఫేస్. ఈ రెండింటితోనే రాసిన ఫైల్లో ఒక్కో సర్ఫేస్ విడివిడిగా ఉంటుంది. పక్కదానితో దాని సంబంధం నమోదు కాదు. దర్జీ కత్తిరించిన గుడ్డ ముక్కలన్నీ ఉండి, కుట్టు మాత్రం లేనట్టు. సాలిడ్‌ను టోపాలజీతో సహా రాసే 186వ అంశం తర్వాతి కూర్పుల్లో చేరినా, అందరూ దాన్ని వాడలేదు.

1994లో ఐఎస్ఓ 10303 పేరుతో వచ్చిన స్టెప్ ప్రమాణం టోపాలజీని మొదటి నుంచీ తనలో భాగం చేసుకుంది. ఇందులో 203, 214, 242 నంబర్ల విభాగాలు మెకానికల్ డిజైన్‌లో బాగా వాడుకలో ఉన్నాయి. రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే జ్యామితి కెర్నల్ (ఆకారాల లెక్కలన్నీ చేసే మూల భాగం) మీద నడిస్తే ఇలాంటి తటస్థ ఫార్మాట్ అవసరం కూడా ఉండదు. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్, సాలిడ్ ఎడ్జ్ మూడింటికీ కెర్నల్ పారాసాలిడ్. వాటి మధ్య పారాసాలిడ్ ఫైలు పంపితే అనువాదంలో జరిగే నష్టం దాదాపు తప్పుతుంది.

అతుకులు ఎందుకు ఊడతాయి

దిగుమతి చేసిన మోడల్లో సందులు కనిపిస్తే ఫైలు పాడైందనుకోవడం మామూలే. చాలాసార్లు తప్పు ఫైలుది కాదు, చిక్కు గణితంలోనే ఉంది. రెండు దిశల్లోనూ మూడో ఘాతంలో ఉన్న రెండు పొరలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే ఏర్పడే రేఖ ఘాతం 324 దాకా పోవచ్చు. అంత జటిలమైన రేఖను ఉన్నదున్నట్టు దాచుకోవడం ఆచరణలో కుదరదు. అందుకని సాఫ్ట్‌వేర్ దానికి దగ్గరగా ఉండే సులువైన రేఖను పెట్టుకుంటుంది. అదీ మూడు ప్రతుల్లో: త్రిమితీయ స్థలంలో ఒకటి, మొదటి పొర మీద ఒకటి, రెండో పొర మీద ఒకటి. ఈ మూడూ సరిగ్గా ఒకే చోట ఉండవు. వాటి మధ్య ఎంత తేడాను సహించాలో చెప్పే కొలతే టాలరెన్స్.

పంపే సాఫ్ట్‌వేర్ 0.01 మిల్లీమీటరు తేడాను అతుకుగా ఒప్పుకుంటే, అందుకునేది 0.001 వరకే ఒప్పుకోవచ్చు. అప్పుడు మొదటిదానిలో మూసి ఉన్న మోడల్ రెండోదానిలో తెరుచుకుంటుంది. ఇవి కాక దిగుమతిలో తరచూ ఎదురయ్యే లోపాలు మరికొన్ని: వెంట్రుకంత సన్నని ఫేసులు, ఒకదానిపై ఒకటి పడిన నకలు ఫేసులు, తనను తాను ఖండించుకునే పొరలు, లోపలి వైపుకు తిరిగిన లంబ దిశలు.

దిగుమతికి ముందు

మోడల్ పంపేవారిని మూడు విషయాలు అడగడం మంచిది: మూల సాఫ్ట్‌వేర్ ఏది, టాలరెన్స్ ఎంత, కొలమానం మిల్లీమీటరా అంగుళమా. వీలైతే ఐజెస్ బదులు స్టెప్ గానీ కెర్నల్ ఫైలు గానీ తీసుకోవాలి. తర్వాతి పనికి అవసరం లేని బోల్టులు, అక్షరాలు, లోపలి భాగాలు మూలంలోనే తీసేయించుకుంటే ఇక్కడి శ్రమ చాలా తగ్గుతుంది. అందిన ఫైలు ప్రతిని ఎవరూ ముట్టుకోకుండా భద్రపరచాలి. చివర్లో సరిపోల్చుకోవడానికి ఆధారం అదే.

కుట్టడం, మరమ్మతు

విడివిడి ఫేసులను ఉమ్మడి ఎడ్జ్‌లతో కలపడాన్ని కుట్టడం అంటారు. సాఫ్ట్‌వేర్ ప్రతి విడి ఎడ్జ్‌కూ దగ్గరలో జత వెతుకుతుంది. పది వేల ఫేసులకు నాలుగేసి ఎడ్జ్‌లనుకుంటే మొత్తం 40,000. ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చాలంటే దాదాపు 80 కోట్ల పోలికలు. అదే మోడల్‌ను పది సమాన ప్రాంతాలుగా విడదీసి కుడితే, ఒక్కో ప్రాంతంలో 4,000 ఎడ్జ్‌లకు 80 లక్షల చొప్పున మొత్తం ఎనిమిది కోట్ల పోలికలే. మంచి సాఫ్ట్‌వేర్లు స్థానాన్ని బట్టి ఎడ్జ్‌లను వర్గీకరించి ఈ భారాన్ని తామే తగ్గించుకుంటాయి. అయినా ప్రాంతాలవారీగా కుట్టడంలో మరో లాభం ఉంది: లోపం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

మొదట ఆటోమేటిక్ కుట్టు లేకుండా దిగుమతి చేయాలి. నకలు ఫేసులను తొలగించాలి. తర్వాత చిన్న టాలరెన్స్‌తో కుట్టి, మిగిలిన విడి ఎడ్జ్‌లను రంగుతో చూపించుకుని, అవసరమైన చోట మాత్రమే టాలరెన్స్ పెంచాలి. ఒక్కసారిగా పెద్ద టాలరెన్స్ ఇవ్వడం ప్రమాదకరం. అది మోడల్‌లోని అతి చిన్న ఎడ్జ్ పొడవును మించితే ఆ ఎడ్జ్ రెండు చివరలూ ఒకే బిందువై, ఫేసు కుప్పకూలుతుంది. మరీ చెడిన ఫేసును సరిచేస్తూ కూర్చోవడం కంటే తొలగించి, చుట్టూ ఉన్న అంచుల ఆధారంగా కొత్త పొర వేయడమే మేలు.

పరికరాలు

సాలిడ్‌వర్క్స్‌లో ఇంపోర్ట్ డయాగ్నోస్టిక్స్ చెడిన ఫేసులను, సందులను జాబితాగా చూపుతుంది. దిగుమతి చేసిన భాగానికి కొత్త ఫీచర్లు జోడించాక అది పనిచేయదు కాబట్టి ముందే నడపాలి. కుట్టడానికి నిట్ సర్ఫేస్ ఉంది. ఈ పనికి కాటియాలో జాయిన్, హీలింగ్ ఉన్నాయి. ఎన్ఎక్స్‌లో స్యూ, ఎగ్జామిన్ జామెట్రీ ఉన్నాయి. క్రియోలో ఇంపోర్ట్ డేటాడాక్టర్ ఉంది. రైనోలో షోఎడ్జెస్ విడి ఎడ్జ్‌లను చూపుతుంది. అక్కడి జాయిన్‌ఎడ్జ్ ఎంత దూరంలో ఉన్న ఎడ్జ్‌లనైనా కలిపినట్టు రాసుకుంటుంది గానీ పొరలను కదపదు. అందువల్ల ఆ మోడల్‌ను ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పంపితే సందు మళ్లీ తెరుచుకుంటుంది. డబ్బు పెట్టలేని విద్యార్థులకు ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో చెక్ జామెట్రీ ఉంది. అది 1999లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఓపెన్ క్యాస్కేడ్ కెర్నల్ మీద నడుస్తుంది.

బరువు తగ్గించడం

తెర మీద కనిపించేది నర్బ్స్ పొర కాదు, దాన్ని పోలిన త్రిభుజాల వల. పొరకూ వలకూ మధ్య దూరం పదో వంతుకు తగ్గించమంటే, రెండు దిశల్లోనూ వంగిన పొర మీద త్రిభుజాలు సుమారు పది రెట్లవుతాయి. అందుకే చూపు నాణ్యతను కాస్త తగ్గిస్తే మోడల్ వెంటనే చురుకుగా కదులుతుంది. అసలు జ్యామితి చెక్కుచెదరదు. అన్నిటికంటే ముందు, తేలికగా చేయదగిన పని ఇదే.

తర్వాతి మెట్టు మోడల్‌ను సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో భద్రపరచి, మిగతా డిజైన్‌కు లింకుగా మాత్రమే వాడుకోవడం. అప్పుడు ప్రతి చిన్న మార్పుకూ భారీ మోడల్ మళ్లీ లెక్కలోకి రాదు. చుట్టుపక్కల ఎంత చోటుందో చూసుకోవడానికే మోడల్ కావలసినవారికి బయటి తొడుగు మాత్రం మిగిల్చే ష్రింక్‌వ్రాప్ చాలు.

మోడల్‌ను త్రిభుజాల వలగానే మార్చేసే దారీ ఉంది. బైనరీ ఎస్టీఎల్ ఫైల్లో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు, అంటే పది లక్షల త్రిభుజాలకు సుమారు 50 మెగాబైట్లు. వలను తిరిగి నునుపైన పొరగా మార్చడం చాలా కష్టం కనుక అచ్చు తయారీకి వెళ్లే మోడల్‌కు ఈ దారి పనికిరాదు.

మూలబిందువుకు దూరం

సర్వే ఆధారంగా తయారైన నేల ఉపరితలాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. యూటీఎం అనే మ్యాపు నిర్దేశాంక పద్ధతిలో హైదరాబాద్ ఉత్తర నిర్దేశాంకం దాదాపు 19 లక్షల మీటర్లు. గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా వాడే 32 బిట్ల సంఖ్యల్లో ఆ విలువ దగ్గర రెండు వరస సంఖ్యల మధ్య తేడా 12.5 సెంటీమీటర్లు. అందుకే మోడల్ తిప్పినప్పుడల్లా గీతలు వణుకుతాయి, అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పారాసాలిడ్ అయితే మూలబిందువు చుట్టూ కిలోమీటరు భుజం గల ఘనంలోనే పనిచేస్తుంది. ఇలాంటి మోడల్‌ను మూలబిందువు దగ్గరికి జరిపి, జరిపిన దూరాన్ని ఫైలుతోపాటు రాసి ఉంచాలి.

పరిశ్రమలో ప్రాధాన్యం

అమెరికా కార్ల పరిశ్రమలో డేటా మార్పిడి లోపాలవల్ల ఏటా కనీసం వంద కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందని ఆ దేశ ప్రమాణాల సంస్థ కోసం 1999లో జరిగిన అధ్యయనం అంచనా వేసింది. విదేశీ కంపెనీలకు ఇంజినీరింగ్ సేవలందించే హైదరాబాద్ సంస్థలకు ఇది రోజూ ఎదురయ్యే విషయం. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలై 2014లో పేరు మార్చుకున్న సైయెంట్ అలాంటి వాటిలో ఒకటి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ఇంజినీరుకు బొమ్మ గీసే నేర్పు ఎంత ముఖ్యమో, ఇంకొకరు గీసినదాన్ని చెడగొట్టకుండా అందుకునే నేర్పూ అంతే ముఖ్యం.

అందువల్ల మరమ్మతు ముగిశాక సరిచూడడం తప్పనిసరి. సరిచేసిన మోడల్‌ను అసలు ఫైలు మీద పెట్టి, రెండింటి మధ్య గరిష్ఠ దూరం ఎంతో కొలవాలి. విడి ఎడ్జ్‌లు ఎన్ని మిగిలాయో లెక్కించాలి. సాలిడ్‌గా మారితే దాని ఘనపరిమాణాన్ని పంపినవారి లెక్కతో పోల్చాలి. ఏ ఫేసును మార్చారో, ఎక్కడ టాలరెన్స్ పెంచారో రాసిన చిన్న పట్టికను మోడల్‌తోపాటు పంపితే, అచ్చు కోసే మెషీన్ దగ్గరున్న మనిషి ఏ కొలతను నమ్మాలో, దేన్ని మళ్లీ చూసుకోవాలో తెలుసుకుని పని మొదలుపెడతాడు.